ఇంజిన్ కంప్యూటర్లలో మెమరీ చిప్పుల చరిత్ర

1970లో అమెరికా ప్రభుత్వం స్వచ్ఛ వాయు చట్టాన్ని కఠినతరం చేసి, కార్ల పొగలోని విషవాయువులను బాగా తగ్గించాలని ఆదేశించిన తరువాత, కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు వంటి యాంత్రిక సాధనాలతో ఇంధనపు పాళ్లనూ స్పార్కు సమయాన్నీ అంత కచ్చితంగా అదుపు చేయడం సాధ్యం కాదని డెట్రాయిట్ కంపెనీలు గ్రహించాయి. 1977 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ టోరొనాడోలో స్పార్కు బాధ్యతను మైక్రోప్రాసెసర్‌కు అప్పగించిన జనరల్ మోటార్స్, 1981 నాటికి అమెరికాలో తాను అమ్మే దాదాపు అన్ని పెట్రోలు కార్లలోనూ కంప్యూటరును అమర్చింది.

ఇంజిన్ వేగానికీ భారానికీ తగినట్టు స్పార్కు ఎప్పుడు పడాలో తెలిపే పట్టికలను చాలా కంప్యూటర్లు ఈపీరోమ్ అనే చిప్పులో దాచుకునేవి. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈ చిప్పులో రాసిన సమాచారం కరెంటు పోయినా నిలిచి, అతినీలలోహిత కిరణాలతోనే చెరుగుతుంది. ప్రాసెసరుకూ మెమరీకీ మధ్య రాకపోకలు సాగించే తీగల వరుసను బస్ అనీ, చిరునామా అందినప్పటి నుంచి సమాచారం బయటపెట్టడానికి చిప్పుకు పట్టే వ్యవధిని యాక్సెస్ టైమ్ అనీ అంటారు.

1980ల మధ్యలో వచ్చిన మోటరోలా 68హెచ్‌సి11 ప్రాసెసరును చూస్తే ఈ రెంటి బంధం స్పష్టమవుతుంది. ప్రాసెసరుకు లయనిచ్చే 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ వేగంలో నాలుగో వంతుకు, అంటే 2 మెగాహెర్ట్జ్‌కు, బస్ నడిచేది కనుక ఒక్కో చక్రానికి 500 నానోసెకన్లు దొరికేవి. అయితే పిన్నులు తగ్గించడానికి చిరునామాలో సగాన్నీ సమాచారాన్నీ అవే తీగల మీద వంతులవారీగా పంపడం వల్ల అందులో కొంత భాగం చిరునామాకే ఖర్చయ్యేది. చిప్పు ఆలస్యం చేస్తే కాస్త ఆగే ఏర్పాటు ఈ బస్‌లో లేదు. గడువు దాటితే ప్రాసెసరు తప్పుడు సంఖ్యను చదువుకుని ముందుకు సాగిపోయేది. పైగా వేడెక్కిన కొద్దీ ఈ రకం చిప్పులు మందగిస్తాయి. అందుకే గది ఉష్ణోగ్రత వద్ద పనిచేస్తే చాలదనీ, ఎంత వేడిలోనైనా గడువుకు అందాలనీ లెక్కగట్టి, 250 నానోసెకన్లు లేదా అంతకంటే వేగవంతమైన చిప్పులను ఎంచుకునేవారు. ఇది ఆ కాలపు ఇంజనీర్ల నిజమైన పనితనం.

నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 400 స్పార్కులు పడతాయి; రెండు స్పార్కుల మధ్య 2.5 మిల్లీసెకన్లు, అంటే 5000 బస్ చక్రాలు ఉంటాయి. ఒక్క గుణకారానికే పది చక్రాలు పట్టే యంత్రానికి ఇది ఇరుకైన వ్యవధి. క్రాంక్‌షాఫ్టు ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది 28 మైక్రోసెకన్లే కాబట్టి, స్పార్కు క్షణాన్ని ప్రోగ్రాముకు వదలకుండా చిప్పులోని ప్రత్యేక టైమరుకు అప్పగించారు.

1990ల చివర మోటరోలా ఎంపీసీ555 వంటి చిప్పులు 448 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీని తమలోనే ఇముడ్చుకుని 40 మెగాహెర్ట్జ్ వేగంతో నడవడంతో, బయటి మెమరీతో ఈ పెనుగులాట చాలావరకు తీరింది. అయితే బయటి మెమరీ వాడే పాత కంప్యూటరులో 250 నానోసెకన్ల చిప్పు తీసి 150 నానోసెకన్లది పెట్టినంత మాత్రాన దాని వేగం పెరగదు. బస్ వేగాన్ని నిర్ణయించేది క్రిస్టలే.