ఇంటి కల్లు మీద పన్ను

ఏజెన్సీలో కల్లు తీయడం నేర్చుకునేవాడికి కావలసినవి మూడే: చెట్టు, కత్తి, కుండ. జీలుగు గెల చివరను పలచగా చెక్కి కింద కుండ కడతారు. కారిన నీరు మొదట తియ్యగా ఉంటుంది. గాలిలోనూ పాత కుండలోనూ ఉండే ఈస్టు వల్ల దానంతటదే పులుస్తుంది, పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. కొనవలసినదేమీ లేదు.

ఈ ఇంటి కల్లు మీదే దొరతనం కన్నుపడింది. మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు రంప కొండల్లో సొంత వాడకానికి కల్లు తీయడాన్ని నిషేధించి, ఆ హక్కును గుత్తదారులకు అప్పగించాయి. గుత్తదారులు చిగురుపన్ను అడిగారు. దానిమీద మన్సబుదారు మొదలుపన్ను పేరుతో ఇంకో సగం గుంజాడు. మైదానపు వ్యాపారుల అప్పులు, పోలీసుల వేధింపులు అప్పటికే ఉన్నాయి. 1879 మార్చిలో రంప తిరగబడింది. తమ్మన్నదొర వంటివారు ముందు నిలిచారు. అణచడానికి సైన్యమే రావలసివచ్చింది. చివరకు మన్సబుదారును తొలగించారు.

కల్లు కోసం కొట్లాడారని తేలిగ్గా అనేస్తారు. మన కొండ మీది చెట్టు నుంచి మన కుండలోకి కారిన నీటికి ఎవరి అనుమతి కావాలి? రంప పితూరీ అడిగిన ప్రశ్న ఇదే.