పెద్దబాతుల వేట (రాయలసీమ)

కర్నూలు, కడప ప్రాంతాల్లో అడవి పెద్దబాతుల వేటకు చట్టబద్ధమైన దారి లేదు. ఇక్కడ పెద్దబాతు అంటే ప్రధానంగా బార్‌హెడెడ్ గూస్. తెల్లని తల వెనుక రెండు నల్ల పట్టీలు దీని గుర్తు. మంగోలియా, టిబెట్ ప్రాంతాల నుంచి హిమాలయాలు దాటి శీతకాలంలో దక్షిణాదికి వస్తుంది. 7,000 మీటర్లకు పైన ఎగిరిన సందర్భాలు నమోదయ్యాయి. పగలు నీటి ఒడ్డున విశ్రమించి, చీకటి పడ్డాక పొలాల్లో మేయడం దీని అలవాటు. అందుకే రైతుకు దీనిమీద కోపం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సుపై కొన్ని జంతువుల, పక్షుల వేటను అనుమతించింది. 1991 సవరణ ఆ లైసెన్సులను ఎత్తేసింది. తుపాకీ లైసెన్సు ఉంటే చాలుననుకోవడం పొరపాటు. అది ఆయుధానికే, వేటకు కాదు. చట్టం దృష్టిలో కాల్చడమే కాదు, ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, ఎర వేయడం, గుడ్లు పాడుచేయడం కూడా వేటే. పరిశోధన కోసం పట్టాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి. పెంపుడు బాతులకు ఈ నిషేధం లేదు.

వేటగాళ్ల నేర్పు మాత్రం వృథా పోలేదు. అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానిక పిట్టలవేటగాడికే చిక్కింది.

పెద్దబాతులను చూడాలంటే డిసెంబరు, జనవరి అనువైన నెలలు. బైనాక్యులర్, మట్టిరంగు బట్టలు, తెల్లవారుజాము ప్రయాణం చాలు. అభయారణ్యంలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి.