కన్సర్ట్: రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ల అనుసంధానం

ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలో దేనికదిగా పనిచేస్తూ వచ్చిన అయిదు రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ వ్యవస్థలను ఒక్కటిగా కలిపిన సాఫ్ట్‌వేర్ కన్సర్ట్. 'కంట్రీవైడ్ నెట్‌వర్క్ ఆఫ్ కంప్యూటరైజ్డ్ ఎన్‌హాన్స్‌డ్ రిజర్వేషన్ అండ్ టికెటింగ్' అనే పొడవాటి పేరుకు ఇది పొట్టి రూపం. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం (క్రిస్) దీన్ని రూపొందించింది. 1994 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో మొదట అమల్లోకి వచ్చింది. 1999 ఏప్రిల్‌కు అయిదు కేంద్రాలూ కలిశాయి. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని జంషెడ్‌పూర్ చేరి, పండగలకూ పెళ్లిళ్లకూ సొంతూళ్లకు వచ్చిపోయే తెలుగు కుటుంబాలకు ఇది రానూపోనూ టికెట్ల బెంగ తీర్చింది.

నేపథ్యం

కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్ అంటే రిజిస్టరు. ఏ బండి పుస్తకం ఏ కిటికీ దగ్గర ఉంటే అక్కడే నిలబడాలి. ఒక బండిలో బెర్తు లేదంటే మరో బండి కోసం మరో వరుస. తిరుగు ప్రయాణానికైతే గుమాస్తా అవతలి స్టేషనుకు టెలిగ్రాం కొట్టేవాడు. జవాబు వస్తే బెర్తు ఉన్నట్టు, రాకపోతే అక్కడికి వెళ్లి చూసుకోవలసిందే.

కంప్యూటరీకరణలో రైల్వేలతో కలిసి పనిచేసిన సంస్థ సీఎంసీ. ప్రభుత్వం దీన్ని 1975లో స్థాపించింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక, అది వదిలిపోయిన యంత్రాల మరమ్మతు, నిర్వహణ సీఎంసీ చేతికి వచ్చాయి.

ఇంప్రెస్

మొదటి రిజర్వేషన్ కంప్యూటర్ వ్యవస్థ 1985 నవంబరు 15న న్యూఢిల్లీలో మొదలైంది. దాని పేరు ఇంప్రెస్. ఫోర్‌ట్రాన్ భాషలో రాసిన ఈ సాఫ్ట్‌వేర్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ 11/750 కంప్యూటర్ల మీద నడిచింది. దీంతో ఒకే కౌంటరులో ఎన్నో బళ్లకు టికెట్ దొరకసాగింది. చార్టుల తయారీ, వసూళ్ల లెక్క కూడా యంత్రమే చూసుకునేది. తర్వాతి సంవత్సరాల్లో మిగిలిన నాలుగు నగరాలకూ ఇలాంటి వ్యవస్థలే వచ్చాయి.

చిక్కు అక్కడే వచ్చింది. అయిదూ ఒకే కోవకు చెందిన యంత్రాలే అయినా, ఒకదాని లెక్క ఇంకొకదానికి తెలియదు. జంషెడ్‌పూర్ స్టేషన్ అయిన టాటానగర్ ఆగ్నేయ రైల్వేలోని చక్రధర్‌పూర్ డివిజన్‌కు చెందుతుంది. ఆ జోన్ ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్. 2003 వరకు వాల్తేరు డివిజన్ కూడా ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. అంటే అప్పట్లో టాటానగర్‌లో ఎక్కి విశాఖపట్నంలో దిగితే జోన్ మారేది కాదు. దువ్వాడ దాటితే మాత్రం దక్షిణ మధ్య రైల్వే వచ్చేది. విజయవాడలోనో సికింద్రాబాద్‌లోనో బయల్దేరే బండిలో బెర్తు కావాలంటే, ఆ లెక్క వేరే ఊరి కంప్యూటర్‌లో ఉండేది.

పనిచేసే తీరు

అయిదు కంప్యూటర్లలోని సమాచారాన్నంతా ఒకచోట పోయడం ఒక దారి. కన్సర్ట్ ఆ దారి పట్టలేదు. ప్రతి బండి లెక్కా దాని సొంత కేంద్రంలోనే ఉంటుంది. కదిలేది అభ్యర్థన మాత్రమే. టాటానగర్ కౌంటరులో గుమాస్తా సికింద్రాబాద్ బండి నంబరు కొడితే, ఆ అభ్యర్థన కోల్‌కతా మీదుగా సికింద్రాబాద్ కంప్యూటర్‌కు చేరుతుంది. అక్కడ బెర్తు ప్రయాణికుడి పేరున పడ్డాక జవాబు వెనక్కి వచ్చి, టాటానగర్‌లో టికెట్ అచ్చవుతుంది.

ఈ రాకపోకల్లో అసలు కష్టం మధ్యలో లైను తెగినప్పుడు. బెర్తు తగ్గి టికెట్ రాకపోతే సీటు వృథా. టికెట్ వచ్చి బెర్తు తగ్గకపోతే ఒకే బెర్తుకు ఇద్దరు. అందుకే బెర్తు కేటాయింపు, డబ్బు లెక్క, టికెట్ నమోదు అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఈ కాపలా పనిని రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. సీ, ఫోర్‌ట్రాన్ భాషల్లో రాసిన కన్సర్ట్, ఓపెన్‌వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది.

పీఎన్ఆర్‌లో ఆనవాలు

ఈ అమరిక గుర్తు ప్రతి టికెట్ మీదా ఉంటుంది. పది అంకెల పీఎన్ఆర్‌లో మొదటి అంకె, బండి బయల్దేరే జోన్‌ను బట్టి, లెక్క ఏ కేంద్రంలో ఉందో చెబుతుంది. 2, 3 ఢిల్లీవి, 4, 5 చెన్నైవి, 6, 7 కోల్‌కతావి, 8, 9 ముంబైవి, 1 సికింద్రాబాద్‌ది. టాటానగర్‌లో బయల్దేరే బండి పీఎన్ఆర్ 6తోనో 7తోనో మొదలవుతుంది. చివరి ఏడు అంకెల్లో మాత్రం ప్రయాణానికి సంబంధించిన సమాచారమేదీ ఉండదు.

తర్వాతి పరిణామాలు

2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్ల అమ్మకం మొదలుపెట్టింది. వెబ్‌సైటు కొత్తదే కానీ, బెర్తు కోసం అది అడిగేది పాత రిజర్వేషన్ వ్యవస్థనే. సీఎంసీ 2001లో టాటాల చేతికి వెళ్లి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. టాటాల పేరు మోసే స్టేషన్‌లో టికెట్లకు కంప్యూటర్ వచ్చే దారి వేసిన సంస్థ చివరకు టాటాల గూటికే చేరింది.

యంత్రాలు వ్యాక్స్ నుంచి ఆల్ఫాకు, ఆల్ఫా నుంచి ఐటానియంకు మారాయి; ఓపెన్‌వీఎంఎస్ అలాగే నిలిచింది. ఐటానియం యంత్రాలతో 2010లో అమల్లోకి వచ్చిన వ్యవస్థ స్థానంలో క్లౌడ్‌కు అనువైన కొత్త వ్యవస్థను తెస్తున్నట్టు రైల్వే శాఖ 2025లో ప్రకటించింది. అప్పటికి నిమిషానికి 32,000 టికెట్లు ఇవ్వగల సామర్థ్యాన్ని లక్షన్నర దాటించడం దాని లక్ష్యం.