చక్రం నేలను వదిలే చోటు

మోటారుసైకిలు చరిత్ర రాసినవారు ఎక్కువగా ఇంజను చరిత్రనే రాశారు. సిలిండరు ఎంత పెద్దది, బండి ఎంత వేగంగా పోయింది, ఏ పందెంలో ఏ కంపెనీ గెలిచింది అన్న ప్రశ్నలకు పుస్తకాల్లో దొరికిన చోటు, ఆగిన బండిని ఎలా నిలబెట్టారు, దాని చక్రాన్ని నేల మీది నుంచి ఎలా లేపారు అన్న ప్రశ్నకు దొరకలేదు. పంచరు వేయాలన్నా, చైను బిగువు సరిచేయాలన్నా, బ్రేక్ షూ మార్చాలన్నా చక్రం గాలిలో తేలి స్వేచ్ఛగా తిరగాలి కాబట్టి, బండి సొంతదారుకు ఇంజను బలం కన్నా ఈ ప్రశ్నే తరచుగా ఎదురవుతుంది. మెకానిక్కు షెడ్డు దూరంగా ఉండే పల్లెల్లో దాని బరువు మరీ ఎక్కువ.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చెందిన అరసికెరె అటువంటి పల్లెసీమలోని గ్రామం. హాసన్ జిల్లాలో రైల్వే జంక్షనుగా పేరుపొందిన అరసికెరె వేరు, ఇది వేరు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉన్న పావగడ తాలూకాలో బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు వినిపించడం మామూలు. వానలు తక్కువైన ఈ మెట్ట నేలలో వేరుసెనగ చేలకూ, సంతలకూ, సరిహద్దుకు అటున్న మడకశిర, పెనుకొండ వంటి ఊళ్లకూ తిరిగేందుకు, దశాబ్దాల పాటు రైలు సౌకర్యం లేని కారణంగా, బస్సు తర్వాత జనానికి ఆధారమైంది ద్విచక్ర వాహనమే. గరుసు దారులూ, గట్ల వెంట పెరిగే సర్కారు తుమ్మ ముళ్లూ ఉన్నచోట పంచరు అరుదైన సంఘటన కాదు. అందువల్ల చక్రాన్ని లేపే ఉపాయం బండితోనే వచ్చిందా, లేక బయట వెతుక్కోవాలా అన్నది ఇక్కడి రైతుకూ, పాలు పోసే మనిషికీ ఆ పూట పని సాగడమో ఆగడమో తేల్చే విషయం.

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ తయారుచేసిన పెట్రోలు బండిని చాలామంది చరిత్రకారులు తొలి మోటారుసైకిలుగా లెక్కిస్తారు. చెక్క చట్రంతో చేసిన ఆ బండి రెండు ప్రధాన చక్రాల మీద తనంత తాను నిలవలేక, ఇరుపక్కలా రెండు చిన్న చక్రాల ఆసరా తీసుకుంది. తర్వాతి తరం బండ్లు సైకిలు పోలికతో రూపొందినందున సైకిలు స్టాండునే పెద్దది చేసి వాడుకున్నాయి: వెనక ఇరుసు దగ్గర కీలు మీద తిరిగే వంపు కమ్మీని కిందికి దించి, బండిని వెనక్కి లాగితే వెనక చక్రం పైకి లేచేది; ప్రయాణంలో ఆ కమ్మీ మడ్‌గార్డుకు క్లిప్పుతో అంటిపెట్టుకొని ఉండేది. కొన్ని బండ్లకు ముందు చక్రానికి కూడా ఇటువంటి కమ్మీనే అమర్చి, రోడ్డు పక్కనే ఏ చక్రాన్నయినా విప్పుకొనే వీలు కల్పించారు. టైర్లు తరచుగా పగిలే ఆ కాలంలో, తనను లేపే సాధనాన్ని తానే మోసుకుపోవడం బండి ధర్మమని తయారీదారులు ఒప్పుకొన్నారన్న మాట.

వెనక స్టాండులో ఒక లోపం ఉంది. బండి బరువులో అధిక భాగం, అంటే ఇంజను, పెట్రోలు ట్యాంకు, నడిమధ్య ఉండగా, ఎత్తే చోటు మాత్రం ఒక కొసన ఉండడంతో బండిని వెనక్కి లాగడానికి బలం ఎక్కువ కావలసి వచ్చేది. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన సెంటర్ స్టాండు ఆ చోటును బండి గరిమనాభి సమీపానికి జరిపింది. గరిమనాభి అంటే మొత్తం బరువు ఒకే బిందువులో కేంద్రీకృతమైనట్టు లెక్కించదగిన స్థానం. చట్రం కింది భాగాన కీలు మీద వేలాడే రెండు కాళ్లను పాదంతో నేలకు ఆనించి, ఒక పక్కకు పొడుచుకొని వచ్చిన మెట్టు మీద మనిషి తన ఒంటి బరువంతా వేసినప్పుడు, ఆ కాళ్లు నిటారు స్థితిని కొద్దిగా దాటి ముందుకు పోతాయి. దాటిన తర్వాత బండి బరువే వాటిని అడ్డుపట్టీకి నొక్కి ఉంచుతుంది కనుక స్టాండు తనంత తాను మడుచుకోదు. చేతులతో లేపలేని బరువును పాదంతో లేపించే ఈ ఏర్పాటులో మీటసూత్రం తప్ప మరేమీ లేదు. ఇంత తక్కువ ఇనుముతో ఇంత పని జరిపించిన భాగం మోటారుసైకిలులో మరొకటి లేదని చెప్పవచ్చు.

పావగడ ప్రాంతానికి రెండు దిక్కుల నుంచి మోటారుసైకిళ్లు వచ్చాయి. 1955లో మద్రాసులో స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా తిరువొత్తియూరు కర్మాగారం నుంచి బుల్లెట్టును అందించగా, మైసూరులోని ఐడియల్ జావా 1961లో చెకోస్లవేకియా నమూనా ప్రకారం జావా ఉత్పత్తిని ప్రారంభించి, తర్వాత యెజ్డీ పేరుతో 1996 వరకు కొనసాగించింది. 160 కిలోలు దాటిన బుల్లెట్టుకూ, దానికన్నా తేలికైన జావాకూ సెంటర్ స్టాండు బండిలో భాగంగానే వచ్చేది. జావా వెనక చక్రపు అమరిక ఈ స్టాండుతో కలిసి చూస్తేనే అర్థమవుతుంది: బండిని స్టాండు మీద నిలిపి, ఇరుసు నట్టు విప్పి, ఇరుసును పక్కకు లాగేస్తే, చైనూ, దాన్ని పట్టుకున్న పళ్లచక్రమూ మూత లోపల తమ చోటనే ఉండగా చక్రం ఒక్కటే చేతికి వచ్చేది, తిరిగి బిగించేటప్పుడు చైను కొలత చూసే శ్రమ ఉండేది కాదు, చేతికి గ్రీజు అంటేది కాదు. చక్రాన్ని భుజాన వేసుకొని పంచరు షాపుకు బస్సులో పోయి రాగల స్వాతంత్ర్యాన్ని ఆ అమరిక కల్పించింది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 మొదలుకొని, పల్లెలను నింపిన తేలిక బండ్లన్నీ సెంటర్ స్టాండును అలాగే కొనసాగించాయి.

సెంటర్ స్టాండు నిష్క్రమణ మరో కొస నుంచి మొదలైంది. పందెపు బండ్లు పక్కకు బాగా ఒరిగి మలుపు తిరుగుతాయి కాబట్టి కింద వేలాడే ఇనుము నేలకు రాసుకొని ప్రమాదం తెస్తుంది, పైగా ప్రతి కిలో వేగాన్ని తగ్గిస్తుంది. ఆ పందెపు రూపం వీధి బండ్లకు అలంకారంగా దిగివచ్చినప్పుడు స్టాండు లేకపోవడం కూడా దానితో దిగివచ్చింది. 2012లో భారత మార్కెట్టుకు వచ్చిన కేటీఎం డ్యూక్ 200లో సైలెన్సరు పెట్టెను ఇంజను కడుపు కిందనే అమర్చడంతో, పూర్వం స్టాండు ఉండవలసిన చోటు పొగగొట్టం పాలైంది. ఇటీవల కొన్ని కంపెనీలు సెంటర్ స్టాండును విడిగా డబ్బు కట్టి కొనుక్కోవలసిన అదనపు సామగ్రిలో చేర్చాయి. బండి మౌలిక అవసరాన్ని అలంకార వస్తువుల పట్టికలోకి నెట్టిన ఈ మార్పు నగరంలో సర్వీసు సెంటరు పక్కన ఉండేవారికి తెలియదు. సైడ్ స్టాండు మీద ఒరిగిన బండి వెనక భాగానికి రాళ్లు పేర్చి, ఒకరు పట్టుకొని ఉండగా మరొకరు చక్రం విప్పవలసి వచ్చే పల్లెలో అది అన్యాయంగానే తోస్తుంది.

స్టాండు పోయిన చోటికి జాకీ వచ్చింది. మూసిన పాత్రలోని ద్రవం మీద వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రాన్ని ఆధారం చేసుకొని 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందగా, 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ దాన్ని మోసుకుపోదగిన జాకీగా మలిచాడు. జాకీలోని పెద్ద ముషలకం (పిస్టన్) వైశాల్యం చిన్నదానికి 20 రెట్లు ఉంటే బలం 20 రెట్లు పెరుగుతుంది, లేచే ఎత్తు మాత్రం అదే లెక్కన తగ్గుతుంది. అందుకే జాకీ పిడిని పదేపదే కొట్టాలి. కార్ల విషయంలో జాకీని బండికే శాశ్వతంగా బిగించే ఆలోచన 1930ల నాటికే ఉంది: ఎం.జీ. వంటి బ్రిటిష్ కార్లకు అమర్చిన జాకాల్ పద్ధతిలో నాలుగు హైడ్రాలిక్ జాకీలు చట్రానికే అతికి ఉండి, ఒకే పంపుతో కారును లేపేవి. ఈనాటి ఓర్పు పందేల కార్లలో అదే పని సంపీడిత గాలి చేస్తుంది.

మోటారుసైకిలుకు ఇంత సరంజామా మోయించడం కుదరదు కాబట్టి పనిని రెండుగా పంచారు: జాకీ షెడ్డులో ఉంటుంది, దాన్ని అందుకొనే ఆధారం మాత్రం బండి మీద ఉంటుంది. రెండు సమాంతర చేతులు గల మోటారుసైకిలు జాకీకి బండి అడుగున చదునైన చోటు కావాలి, కానీ బరువైన క్రూయిజర్ బండ్ల అడుగున ఆయిల్ ఫిల్టరు, పొగగొట్టాలు, లింకు కడ్డీలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. 1984 నుంచి 2017 నమూనాల దాకా హార్లే డేవిడ్‌సన్ సాఫ్ట్‌టెయిల్‌లో షాక్ అబ్జార్బర్లనే అడుగున పొడవునా పడుకోబెట్టారు. 300 కిలోల బండిని అటువంటి భాగాల మీద ఎత్తితే అవి వంగుతాయి, లేదా బండి జారుతుంది. ఈ ఇబ్బందికి పుట్టిన విరుగుడే లిఫ్ట్ అడాప్టరు, అంటే చట్రపు గొట్టాలకూ జాకీ చేతులకూ మధ్య నిలిచి బరువును నేరుగా చట్రం నుంచి జాకీకి దింపే ఉక్కు దిమ్మె. ప్రతిసారీ విడిగా పెట్టే రకంలో మనిషి నేల మీద పడుకొని దాన్ని సరైన చోట ఇరికించాలి, జాకీ లేచేటప్పుడు అది కదలవచ్చు. చట్రానికి శాశ్వతంగా బోల్టులతో బిగించిన రకంలో చోటు ఎప్పటికీ ఒకటే కనుక, తోడు లేని మనిషి కూడా జాకీని తోసి, కాలితో పిడి నొక్కి, బండిని నిటారుగా లేపగలడు.

వెనక చక్రం మట్టుకే సరిపోయే చౌక రూపం ఒకటి మన రోడ్ల మీద ఇప్పటికే తిరుగుతోంది. స్వింగ్ ఆర్మ్ అంటే వెనక ఇరుసును పట్టుకొని షాక్ అబ్జార్బరుతో పాటు పైకీ కిందికీ ఊగే చేతుల జత. చాలా పందెపు తరహా బండ్లలో దాని ఇరుపక్కలా కంపెనీవారే మరరంధ్రాలు ఇస్తారు, వాటిలో బండిని బట్టి 6, 8 లేదా 10 మిల్లీమీటర్ల బోల్టుతో స్పూల్ అనే గాడి గల బిళ్లను బిగించి, బండిని వెనక నుంచి ఎత్తే ప్యాడాక్ స్టాండు కొక్కేలను ఆ గాడిలో తగిలించి వెనక చక్రాన్ని లేపుతారు. అయితే స్పూల్ మీద లేచిన బండిలో బరువు స్వింగ్ ఆర్మ్ మీదనే ఉంటుంది కాబట్టి షాక్ అబ్జార్బరు విప్పే పనికి అది పనికిరాదు. ఆ పనికి స్వింగ్ ఆర్మ్ ఏ భారమూ లేకుండా వేలాడాలి, అందుకు చట్రానికి బిగించిన అడాప్టరే కావాలి. ఈ తేడా తెలియక ఒకటి కొని మరొకదాని పని ఆశించడం వల్లనే చాలా ఇబ్బందులు వస్తాయి.

అరసికెరె వంటి ఊరి నేలకు జాకీనీ, అడాప్టరునూ తెచ్చినప్పుడు కొన్ని షరతులు ఉన్నాయి. జాకీ చక్రాలు సిమెంటు గచ్చు కోసం చేసినవి. మట్టి వాకిట్లో అవి ఒక పక్క కుంగి బండిని వాలుస్తాయి కనుక కింద మందపాటి పలక పరచాలి. అడుగున దిగిన అడాప్టరు బండికీ నేలకూ మధ్య ఎడాన్ని తగ్గిస్తుంది, దాంతో గట్లూ గుంతలూ దాటే బండికి దాన్ని చట్రపు గొట్టాల మధ్యకు వీలైనంత పైకి జరిపి బిగించాలి. చట్రానికి కొత్తగా వెల్డింగు పెడితే ఆ వేడికి గొట్టం బలం సడలే అవకాశం ఉంది కాబట్టి ఉన్న బోల్టు రంధ్రాలనే వాడుకోవడం మేలు. వెనక చక్రం తీసిన వెంటనే గరిమనాభి ముందుకు జరుగుతుంది, కనుక ముందు బ్రేకును పట్టీతో కట్టి, హ్యాండిలు నుంచి జాకీ దాకా రెండు పక్కలా పట్టీలు బిగించిన తర్వాతే ఇరుసు నట్టు మీద పానా పెట్టాలి. గరుసు దారి అదురుకు అడాప్టరు బోల్టులు సడలుతాయి. చైనుకు నూనె వేసినప్పుడల్లా వాటి బిగువునూ ఒకసారి చూసుకోవాలి.