షికాగో కోర్టులో మనసు పంచాయితీ

నేరం ఎవరు చేశారన్నది పోలీసులు తేలుస్తారు. ఎందుకు చేశారన్నది చాలాసార్లు ఎవరికీ తేలదు. ఆ 'ఎందుకు'కి పెద్దపీట వేసిన కేసు ఒకటి, నేనుంటున్న ఈ షికాగోలోనే జరిగింది.

1924 మే 21న బడి నుంచి ఇంటికి నడిచి వస్తున్న 14 ఏళ్ళ బాబీ ఫ్రాంక్స్‌ని ఇద్దరు కుర్రాళ్ళు కారెక్కించుకుని చంపేశారు. నేథన్ లియోపోల్డ్‌కి 19, రిచర్డ్ లోబ్‌కి 18. ఇద్దరూ కోటీశ్వరుల బిడ్డలు, చదువులో అఖండులు. డబ్బుకి కొదవ లేదు, పిల్లాడి మీద పగ లేదు.

వాళ్ళ లాయరు క్లారెన్స్ డారో నేరం ఒప్పుకోమన్నాడు. ఉరి తప్పించడమే ఆయన లక్ష్యం. అందుకని వైట్, హీలీ, గ్లూక్ అనే మానసిక వైద్యుల చేత సాక్ష్యం చెప్పించాడు. హీలీ 1909లోనే ఇదే ఊళ్ళో బాలనేరస్థుల కోసం క్లినిక్ నడిపినవాడు. అప్పటికే ఫ్రాయిడ్ 1916లో ఒక తిరకాసు మాట రాసి ఉన్నాడు: కొందరిలో నేరం వల్ల అపరాధభావం పుట్టదు, ముందే ఉన్న అపరాధభావమే నేరం చేయిస్తుందని. డాక్టర్లు కూడా బాల్యంలోకే వెళ్ళారు. లోబ్‌ని పెంచిన ఆయా కట్టడి, దొంగల నాయకుణ్ణన్న అతని పగటికలలు, రాజుని కొలిచే బలమైన బానిసనన్న లియోపోల్డ్ ఊహలు. బుద్ధి పెరిగింది, మనసు పెరగలేదన్నారు.

జడ్జి కేవర్లీ సెప్టెంబర్ 10న ఉరి వేయలేదు. యావజ్జీవం, పైన 99 ఏళ్ళు. అయితే కారణం ఈ విశ్లేషణ కాదు, వాళ్ళ వయసు. ఇలాంటి విశ్లేషణ ఏ ముద్దాయికైనా చెయ్యొచ్చు కదా అన్నాడాయన!

1944లో లండన్‌లో జాన్ బౌల్బీ ఇంకో అడుగు వేశాడు. దొంగతనాలు చేసిన 44 మంది పిల్లల్ని, చేయని 44 మందితో పోల్చాడు. పసితనంలో తల్లికి చాలాకాలం దూరమైనవాళ్ళు మొదటి గుంపులో 17, రెండోదాంట్లో 2. ఆర్నెల్ల బిడ్డని ఇండియాలో అమ్మమ్మ దగ్గర వదిలి ఉద్యోగాలకి పరుగెత్తిన తెలుగు ఇళ్ళు ఇక్కడ బోలెడు. మాదీ ఒకటి. ఆ లెక్క విని మా ఆవిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత మైకేల్ రటర్ 1972లో ఆ వాదాన్ని తిరగదోడాడు. దూరం కన్నా ఇంట్లో గొడవలే పిల్లల్ని ఎక్కువ చెడగొడతాయన్నాడు. అమ్మమ్మ ఒడి అనాథాశ్రమం కాదు కదా.

మా కంప్యూటర్ పనిలో తప్పు దొరికితే, అదే డేటా ఇచ్చి ప్రోగ్రాం మళ్ళీ నడిపి చూస్తాం. బాల్యాన్ని అలా నడపలేం. పైగా కట్టడి ఆయాల చేతుల్లో పెరిగి, ఎవరినీ చంపనివాళ్ళు ఏ కోర్టుకీ రారు. వాళ్ళనీ లెక్కపెట్టందే కారణం తేలదు.

లోబ్‌ని 1936లో జైల్లో తోటి ఖైదీ చంపాడు. లియోపోల్డ్ 1958లో విడుదలై ప్యూర్టోరికోలో ఆస్పత్రి పనికి కుదిరాడు, 1971లో అక్కడే పోయాడు. అదే బాల్యం, అదే మనిషి.