డోలు మీద చెయ్యి

పెళ్లి ఆల్బమ్ తిరగేసేటప్పుడు మీరెప్పుడైనా గమనించారా? పెళ్లికొడుకు, పెళ్లికూతురు, అత్తగారు, ఆడపడుచు, అందరి మొహాలూ అద్దంలో చూసుకున్నట్టు స్పష్టంగా వుంటాయి. మేళం వాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం డోలు కనపడుతుంది, వాయించే ఆయన మొహం కనపడుతుంది, చెయ్యి పొగచూరినట్టు చెదిరిపోయి వుంటుంది. "ఫొటోగ్రాఫరు చేతకానివాడు కాబోలు" అని ఒక మాట అనేసి పేజీ తిప్పేస్తాం.

ఆ చెదిరిన చెయ్యి వెనక నూట ఎనభై ఏళ్లకు పైబడిన కథ వుందంటే నమ్ముతారా? అది పారిస్‌లో మొదలై, హైదరాబాదు మీదుగా, గోదావరి ఒడ్డున వున్న మన ఏటూరునాగారం దాకా నడిచి వచ్చింది.

1838లో డాగేర్ అనే ఫ్రెంచి ఆయన పారిస్‌లో ఒక మేడమీది నుంచి కింది వీధిని ఫొటో తీశాడు. జట్కాలూ జనమూ కిటకిటలాడే వీధి అది. కానీ బొమ్మలో చూస్తే కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ! ఆ రోజుల్లో పలకమీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి కెమెరా తెరిచి వుంచాలి. కదిలేవాళ్లు ఎవరూ పడలేదు. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి ఒక్కడు పడ్డాడు. ఆ బూట్లు తుడిచేవాడు కాస్త మసకగా పడ్డాడు. ఫొటోలో పడ్డ మొట్టమొదటి మనుషులు వీళ్లే అంటారు. ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలియవు.

చూశారా? కెమెరా పుట్టినప్పటి నుంచీ దాని వరస అంతే. నిలబడ్డవాడే దానికి మనిషి. పనిలో వున్నవాడు మసక.

1851లో ఇంగ్లండులో ఆర్చర్ అనే ఆయన గాజుపలక పద్ధతి కనిపెట్టాడు. దోసెపిండి పరిచినట్టు పలకమీద రసాయనం సమంగా పరవాలి. తడి ఆరకముందే ఫొటో తియ్యాలి. తడి ఆరకముందే చీకటి గుడారంలోకి పరుగెత్తి కడగాలి. అంతా కలిపి పది, పదిహేను నిమిషాల భాగోతం. మన ఎండల్లో ఆ గుడారంలో దూరిన మనిషి అవస్థ ఎలా వుండేదో, మే నెలలో వంటింట్లో అప్పడాలు వేయించే మనకి వేరే చెప్పాలా?

ఆ కాలంలోనే మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం వారు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేశారు. 1868 నుంచి 1875 దాకా వచ్చాయి. నాలుగు వందల అరవై పైచిలుకు ఫొటోలు. కులాలవారీగా, తెగలవారీగా మనుషుల్ని నిలబెట్టి తీసినవి. చాలా బొమ్మల కింద తెగ పేరు వుంటుంది, మనిషి పేరు వుండదు. దుకాణంలో డబ్బాల మీద పప్పు, ఉప్పు అని చీటీలు అంటించినట్టన్నమాట.

ఇక మన హైదరాబాదు సంగతి. 1880లలో లాలా దీన్‌దయాళ్ ఇక్కడికి వచ్చి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి. చార్మినారు వీధులనుంచి నవాబుల వేటదాకా ఆయన కెమెరాకి అందనిది లేదు. అప్పటికి తడి పలకలు పోయి పొడి పలకలు వచ్చాయి. గుడారం మోత తప్పింది, వీధిలోకి వెళ్లడం సులువైంది.

వీధి సరే, ఘోషా దాటి వీధిలోకి రాని ఆడవాళ్ల మాటేమిటి? 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో ఆడవాళ్లకోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పరాయి మగవాడి కంటపడని బేగములు అక్కడ కుర్చీలో దర్జాగా కూర్చుని ఫొటో దిగారు. ఆలోచిస్తే నాకు ముచ్చటేస్తుంది. రెండేళ్ల తరవాత నిజాం దీన్‌దయాళ్‌కి 'రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్' అని బిరుదిచ్చాడు. బిరుదు మాటెలా వున్నా, ఆ స్టూడియోకి మాత్రం ఆడవాళ్లం ఒక నమస్కారం పెట్టవచ్చు.

అడవిలోకి కెమెరా వెళ్లడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఆస్ట్రియానుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్, 1939లో యుద్ధం వచ్చిపడేసరికి బ్రిటిషువాళ్లకి శత్రుదేశస్థుడయ్యాడు. నిజాం రాజ్యంలో వుండి గిరిజనుల మధ్య పనిచేసుకోవడానికి మాత్రం అనుమతి దొరికింది. భార్య బెట్టీ కూడా ఆయన వెంట అడవులు తిరిగింది. అప్పటి వరంగల్లు జిల్లాలో చేరివున్న గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన తీసిన వేలాది ఫొటోలు ఇవాళ లండన్‌లో భద్రంగా వున్నాయి. మన మనుషుల బొమ్మలు చూడాలంటే అంతదూరం కబురు పెట్టాలి, ఏం చేస్తాం!

ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో వుండి, 2019 నుంచి ములుగు జిల్లాలో చేరిన ఏటూరునాగారంలో ఈ కథ నాకు కొత్తగా అర్థమైంది. అక్కడ బజారులో చాలా ఏళ్లు స్టూడియో నడిపిన ఒక పెద్దాయనతో ఒక మధ్యాహ్నమంతా మాట్లాడాను. తిండి పెట్టేది పాస్‌పోర్టు సైజు ఫొటోలే. సరదా మాత్రం సంతలో తిరుగుతూ తీసేవి. రోలుకి ముప్ఫయ్యారు బొమ్మలు. కలరు రోలు కడిగించాలంటే వంద కిలోమీటర్లు దాటి హనుమకొండకి బస్సులో పంపాలి. అంత ఖర్చు పెట్టి ఒక్క బొమ్మా వృథా చెయ్యలేని మనిషి, సంజవేళ డోలు వాయిస్తున్న కోయ కళాకారుణ్ణి తీయబోయాడట.

"జర చెయ్యి ఆపు తాతా అన్న. ఆపితె డోలెట్ల మోగుతది బిడ్డా అని నవ్విండు. అది నిజమే గద అమ్మా! చెయ్యి ఆగిందంటె సప్పుడు ఆగినట్టే."

ఆ మాట విన్నాక పెళ్లి ఆల్బమ్‌లు కూడా నాకు వేరేగా కనపడుతున్నాయి. కెమెరా తలుపు సెకనులో అయిదువందలో వంతు తెరిస్తే చెయ్యి గాలిలో కొయ్యలా నిలబడిపోతుంది. ముప్ఫయ్యో వంతు తెరిస్తే మొహం నిలుస్తుంది, చెయ్యి చెదురుతుంది. ఆ చెదిరిన చోటే మోత వినపడుతుంది. పెద్దాయన ఆ ఫొటోని స్టూడియో గోడకి తగిలించుకున్నాడు. "షేక్ అయింది" అని కొందరు వెక్కిరించినా దింపలేదు.

ఏటూరునాగారానికి దగ్గరే మేడారం. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతర. దుమ్ము, బెల్లం, పసుపు, పూనకాలు, డోళ్లు. కెమెరా కాపాడుకోవడమే ఒక యుద్ధం. మొదటిరోజు సారలమ్మ, మరునాడు చిలకలగుట్టనుంచి సమ్మక్క గద్దెకి వస్తారు. ఆ గుట్టమీదికి కోయ పూజారులు తప్ప ఎవరూ వెళ్లరు. ఎంత పెద్ద పత్రికవాడైనా కిందనే ఆగాలి. తల్లి దిగుతూంటే గాలిలోకి తుపాకులు పేలుస్తారు. జనానికి ముందు మోత వస్తుంది, తరవాతే చూపు. కెమెరా చొరబడని చోటు ఒకటి మిగలడం కూడా మంచిదేననిపించింది నాకు.

ఆ తల్లుల కథని డోలి మోతతో పాడిన సకిని రామచంద్రయ్యది మణుగూరు మండలం. కోయ వంశాల కథలు నోటికి వచ్చిన కొద్దిమందిలో ఒకడు. 2022 జనవరిలో ఆయనకి పద్మశ్రీ ప్రకటించారు. అప్పుడు పత్రికల్లో ఆయన ఫొటో వచ్చింది, కింద పేరుతో సహా! ఆ నెలాఖరునే, బతుకమ్మ ఆడే ఆడవాళ్లని, తెలంగాణ పల్లెల్ని జీవితమంతా ఫొటోలు తీసిన వరంగల్లు బిడ్డ భరత్ భూషణ్ కన్నుమూశాడు. రామచంద్రయ్య 2024లో వెళ్లిపోయాడు. ఒకరి పాట, ఒకరి చూపు. ఇద్దరి పేర్లూ మనకి తెలుసు. మరి డోలు మోగించిన తాత పేరేమిటని స్టూడియో పెద్దాయనని అడిగాను.

"మస్తు యాది చేసుకున్న అమ్మా, యాదికొస్తలేదు" అన్నాడు. బాధగానే అన్నాడు. అంత ఇష్టంగా గోడకి పెట్టుకున్న బొమ్మ వెనక రెండక్షరాలు రాసివుంటే సరిపోయేది.

ఇవాళ ప్రతివాళ్ల చేతిలోనూ కెమెరా వున్న సెల్‌ఫోనే. ముప్ఫయ్యారుతో ఆగే పని లేదు, బస్సులో పంపే పని లేదు. ఒక్క పెళ్లికి వెయ్యి బొమ్మలు తీస్తున్నాం. మేళం వాళ్లవీ, వంటావిడవీ, గాజులమ్మేవిడవీ కూడా తీస్తున్నాం. తీసేముందు ఒక్క మాట, "నీ పేరేమిటమ్మా?" అని అడుగుదాం. ఆల్బమ్ వున్నవాళ్లు బొమ్మ వెనక పెన్సిలుతో, ఫోను వున్నవాళ్లు బొమ్మ కింద, ఆ పేరూ ఊరూ సంవత్సరమూ రాసిపెడదాం. అమ్మమ్మ పుట్టింటి ఫొటోలతో మొదలుపెట్టండి. ఎవరెవరో చెప్పగలిగినవాళ్లు ఇంట్లో వున్నప్పుడే ఆ పని అయిపోవాలి.