ఆకుల దండ పెట్టుకున్నావిడ

మాది ఎర్రగడ్డ అంటే కాలేజీలో నవ్వేవాళ్ళు. రైతుబజారు, ఆదివారం సంత, ఛాతీ ఆస్పత్రి ఎన్ని ఉన్నా, జనానికి గుర్తొచ్చేది మానసిక చికిత్సాలయం ఒక్కటే. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకేనేమో, లండన్‌లో విక్టోరియా కాలం తొలినాళ్ళ ఫొటోల ప్రదర్శనకు వెళ్ళినప్పుడు దొరలనూ దొరసానులనూ దాటేసి ఒకావిడ ముందు ఆగిపోయాను. భుజాల మీద శాలువా, తలమీద ఆకుల దండ.

ఆ ఫొటో తీసింది హ్యూ వెల్చ్ డైమండ్ అనే డాక్టరు. 1848 నుంచి 1858 దాకా సర్రీ కౌంటీ పిచ్చాసుపత్రిలో ఆడవాళ్ళ విభాగం ఆయన చేతిలోనే ఉండేది. ఆ చోటే ఇప్పుడు టూటింగ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆస్పత్రి.

ఫొటోగ్రఫీకి అప్పటికి నిండా ఇరవై ఏళ్ళు లేవు. 1839లో ఫ్రాన్స్‌లో డాగర్, ఇంగ్లండ్‌లో టాల్బాట్ తమ పద్ధతులను లోకానికి చెప్పారు. 1851లో డైమండ్ స్నేహితుడు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కొల్లోడియన్ పద్ధతిని ప్రకటించాడు. గాజు పలక మీద జిగురులాంటి ద్రవం పోసి, వెండి లవణపు నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగెయ్యాలి. పలక మీద వెలుగు పడుతున్నంతసేపూ ఎదురుగా కూర్చున్న మనిషి కదలకూడదు. మనసు కుదురుగా లేనివాళ్ళకు అదెంత కష్టమో ఆలోచించండి.

1856లో డైమండ్ రాయల్ సొసైటీకి తన అనుభవం వివరించాడు. జబ్బు ముఖంలో ఎలా కనబడుతుందో ఫొటో చూపిస్తుందనీ, బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చినవాళ్ళను పోల్చుకోవచ్చనీ అన్నాడు. అన్నిటికన్నా నన్ను కదిలించింది మూడో మాట: తన బొమ్మ తాను చూసుకుంటే రోగికి భ్రమ సడలుతుందట. గొప్పింటిదాన్నన్న భ్రమలో ఉన్న ఒకమ్మాయి తన ఫొటోలు చూసి నవ్వుకుందనీ, కోలుకోవడం అక్కణ్ణించే మొదలైందనీ రాశాడు. రోగులకు సంకెళ్ళు వద్దని పోరాడిన జాన్ కొనోలీ, 1858లో తన వ్యాసాలకు ఈ ఫొటోల ఆధారంగా వేసిన బొమ్మలే వాడుకున్నాడు. డైమండ్ దయగలవాడే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ ఆకుల దండ ఫొటో పక్కనున్న చీటీ మీద ఆయన పేరే ఉంది, ఆవిడ పేరు లేదు.

చిన్నప్పుడు ఎర్రగడ్డలో ఆ మానసిక చికిత్సాలయం గేటు దగ్గర క్యారేజీలు పట్టుకుని నిలబడ్డవాళ్ళను మేం చూస్తూ ఉండిపోతే, అమ్మ చెయ్యి పట్టి లాగేది. "అట్లా తేరిపార చూడకు బిడ్డా, వాళ్ళ మనిషి లోపలున్నడు" అనేది.

పాత ఫొటోలు వెలుతురుకు వెలిసిపోతాయని ఆ హాల్లో దీపాలు తగ్గించి పెట్టారు. ఆ మసకలో, అమ్మ మాట గుర్తొచ్చి చూపు దించుకున్నాను. కానీ వెంటనే పక్క ఫొటోకి వెళ్ళబుద్ధి కాలేదు. అక్కడే కాసేపు నిలబడ్డాను.